ఏ ప్రతి ఆధారం? – చలనచిత్ర డిస్కుల పునఃప్రచురణలు, పాఠ పరిష్కరణ దృష్టి

తాళపత్ర ప్రతుల ఆధారంగా కావ్యాన్ని పరిష్కరించే పండితుడు పీఠికలో ముందుగా కొన్ని విషయాలు చెప్పాలి. తాను చూసిన ప్రతులు ఏవి, అవి ఎక్కడ దొరికాయి, ఏది ఎంత శిథిలమైంది, పాఠభేదం వచ్చినచోట దేనిని గ్రహించాడు, ఎందుకు గ్రహించాడు అన్నవి ఆ విషయాలు. ఈ వివరాలు లేని ముద్రణను పరిశోధనకు ఆకరంగా స్వీకరించడానికి మనం సందేహిస్తాం. సినిమా మీద వెలువడే సిద్ధాంత వ్యాసాల్లో మాత్రం ఈ పట్టింపు అరుదు. చిత్రం పేరు, దర్శకుడి పేరు, విడుదలైన సంవత్సరం ఇచ్చి ఊరుకుంటాం. పరిశోధకుడు చూసినది ఏ ప్రతి, ఎంత నిడివిది, ఏ మూలం నుంచి తయారైనది అనే ప్రశ్న తలెత్తదు. చిత్రం ఒకటే గదా, ఏ డిస్కులో చూస్తే ఏమిటి అన్న నమ్మకం దీనికి కారణం.

ఈ నమ్మకాన్ని విద్యాలోకం కంటే పట్టుదలగా ప్రశ్నించినవారు పాశ్చాత్య దేశాల డిస్క్ సేకర్తలు. వారు ఒకే చిత్రపు నాలుగైదు ముద్రణలు కొని, ఒకే ఫ్రేమును పక్కపక్కన పెట్టి, రంగు ఎక్కడ మారింది, అంచు ఎక్కడ తెగింది, ముఖం మీది ముడత ఎక్కడ మాయమైంది అని వాదించుకుంటారు. పెట్టె మూల నలిగిందని, లోహపు పెట్టెకు సొట్ట పడిందని కూడా అంతే ఆవేశంతో వాదించుకుంటారు. రెండో వాదం వల్ల మొదటిది కూడా వేడుకరుల చాదస్తంగా కనిపిస్తుంది. నిజానికి మొదటిది పాఠాంతర చర్చ. సేకర్తల వద్ద పోలిక ఉంది గాని పద్ధతి లేదు. మన శాఖల్లో పద్ధతి ఉంది గాని సినిమాకు దానిని వర్తింపజేయలేదు.

మొదట రేణువుల సంగతి. ఫిల్ము మీద బొమ్మను ఏర్పరచేది వెండి లవణాల స్ఫటికాలు. నలుపు తెలుపు ఫిల్ములో కడిగిన తరువాత మిగిలే వెండి రేణువులే బొమ్మ. అంటే గ్రెయిన్ అని పిలిచే ఆ కదలిక బొమ్మ మీద పడిన దుమ్ము కాదు, బొమ్మ తయారైన పదార్థం. డిజిటల్ శుద్ధి యంత్రానికి ఈ తేడా తెలియదు. వరుస ఫ్రేములను పోల్చి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని దానిని దోషంగా భావించి చదును చేస్తుంది. రేణువులతో పాటు చర్మపు సూక్ష్మరంధ్రాలు, సన్నని వెంట్రుకలు, వాన చినుకులు కూడా పోతాయి. జాన్ మెక్‌టీర్నన్ తీసిన ‘ప్రిడేటర్’ (1987) చిత్రానికి 2010లో వచ్చిన బ్లూ-రే ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అడవిలో చెమటోడుస్తూ నడిచే సైనికుల ముఖాలు అందులో మైనపు బొమ్మల్లా నున్నగా తయారయ్యాయి. అంతకుముందు 2008లో వచ్చిన ముద్రణ గరుకుగా ఉన్నా అదే నయమని చాలామంది సేకర్తలు పాత డిస్కునే దాచుకున్నారు. కొత్తదాన్ని మెచ్చినవారూ లేకపోలేదు. శుభ్రంగా ఉంది గదా అన్నది వారి వాదం. కావ్య ముద్రణలోనూ ఈ రుచి మనకు కొత్త కాదు. కఠినంగా తోచిన పాఠాన్ని తీసి సుబోధమైన పాఠాన్ని పెట్టిన లేఖకుడు చదువరికి మేలే తలపెట్టాడు. కానీ క్లిష్టపాఠమే ప్రాచీనం కావచ్చునన్న సూత్రం పాఠ పరిష్కరణలో మొదటి మెట్టు. గ్రెయిన్ పట్ల సేకర్తల పట్టుదలకు ఆధారం ఆ సూత్రమే, వారు ఆ పేరుతో చెప్పకపోయినా.

ఇంతకంటే చిక్కైనది కర్తృత్వ ప్రశ్న. దర్శకుని ఆమోదం పొందినదన్న ముద్ర పెట్టె మీద ఉంటే కొనుగోలుదారు వాదన విరమిస్తాడు. ఆ విరమణ తొందరపాటు. విలియం ఫ్రీడ్కిన్ తన ‘ఫ్రెంచ్ కనెక్షన్’ (1971)ను 2009లో బ్లూ-రేగా తెచ్చినప్పుడు, వెలిసిన బొమ్మ మీద మసకబారిన రంగు పొరను పరిచి కొత్త వర్ణ విధానాన్ని ప్రవేశపెట్టారు. ఆ పద్ధతిని డిస్కులోనే స్వయంగా వివరించారు కూడా. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రోయిజ్‌మన్ దానిని బహిరంగంగా ఖండించారు. 2012లో మరో ముద్రణ వచ్చింది, ఇద్దరి పర్యవేక్షణలో రంగులు సరిదిద్దబడ్డాయి. సినిమాకు కర్త ఒక్కడు కాడని, దర్శకుని అనంతర అభిప్రాయం ఛాయాగ్రాహకుని తొలి కృషిని కొట్టివేయలేదని ఆ ఉదంతం నిరూపించింది.

వాంగ్ కార్ వై విషయం వేరు. 2021లో క్రైటీరియన్ సంస్థ ఆయన ఏడు చిత్రాలను ఒకే పెట్టెలో వెలువరించింది. ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’కు ఆకుపచ్చ ఛాయ వచ్చింది. ‘ఫాలెన్ ఏంజెల్స్’ చిత్రచట్రం మరింత వెడల్పయింది. ప్రేక్షకుల జ్ఞాపకంలోని చిత్రాన్ని యథాతథంగా ఇవ్వడం కంటే మొదట తాను ఊహించుకున్న రూపానికి తగినట్టు మార్చడాన్నే ఎంచుకున్నానని దర్శకుడు దాపరికం లేకుండా రాశారు. అభిమానులు మండిపడ్డారు. వారి కోపం సరైనదే గాని వారు ఎత్తిన అభ్యంతరం సరిగ్గా తగలలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలో, 1909లో దాదాపు కొత్త నాటకంగా మరొక రూపంలో వెలువడింది. రెండో కూర్పు మొదటిదానికి ద్రోహమని ఎవరూ అనరు, రెండో కూర్పును మొదటిదాని పునరుద్ధరణ అనీ అనరు. రెండూ నిలిచి ఉన్నాయి గనుకనే ఆ నాటక పరిణామం మీద ఇంత పరిశోధన సాధ్యమైంది. వాంగ్ కార్ వైకి తన చిత్రాన్ని తిరగరాసే హక్కు ఉంది. పునరుద్ధరణ అనే పేరుతో దానిని అమ్మడం, కొత్త కూర్పు వచ్చాక పాత కూర్పు అంగళ్లలో దొరకకుండా పోవడం – అభ్యంతరం ఈ రెండింటి మీద ఉండాలి.

పరిష్కర్త శ్రమ అంటే ఏమిటో తెలియాలంటే సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం వైపు చూడాలి. 1993లో లండన్‌లోని హెండర్సన్స్ ఫిల్ము లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ చిత్రాల మూల నెగెటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కలను ఎందుకూ పనికిరానివని పారవేయకుండా అమెరికన్ అకాడమీ భద్రపరిచింది. అది ఒక గ్రంథాలయాధికారి వివేకంతో పోల్చదగినది. ఇరవై ఏళ్ల తరువాత క్రైటీరియన్ పూనికతో ఆ ముక్కలు బొలోనియా నగరంలోని లిమాజినె రిత్రోవాతా ప్రయోగశాలకు చేరాయి. పెళుసుబారిన ఫిల్ముకు మళ్లీ తేమ పట్టించి, కరిగి అంటుకున్న జిగురును తొలగించి, ఫిల్ము అంచున ఉండే రంధ్రాలను చేతితో తిరిగి కట్టడానికి దాదాపు వెయ్యి గంటలు పట్టింది. ‘పథేర్ పాంచాలీ’లో సుమారు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా మూల నెగెటివ్ నుంచి రాబట్టగలిగారు. ‘అపూర్ సంసార్’ నెగెటివ్‌లో వాడదగినదేమీ మిగలలేదు. లోపించిన భాగాలను వివిధ భాండాగారాలలోని నకలు నెగెటివ్‌లు, మాస్టర్ పాజిటివ్‌ల నుంచి పూరించారు.

ఇది మనకు తెలిసిన పనే. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ప్రతులు సేకరింపజేసి, ఒకదానితో మరొకటి సరిచూపించి శుద్ధప్రతులు సిద్ధం చేయించిన విధానం దీనికి దూరం కాదు. తేడా ఒక్కటే. పుస్తకంలో లోపించినచోట ‘గ్రంథపాతము’ అని గుర్తుపెట్టి చుక్కలు వేస్తాం, పాఠాంతరాన్ని అడుగున ఇస్తాం. తెర మీద అతుకు కనిపించకుండా ఉండటమే నైపుణ్యమనిపించుకుంటుంది. ఎంత శాతం మూలం నుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన ఏ షాట్ ఏ ప్రతిలోనిదో తెలియదు. దుర్గ వానలో తడిసే ఘట్టంలోని వెలుగునీడల గురించి సూక్ష్మ పరిశీలన చేయదలచిన పరిశోధకునికి ఆ భేదం అవసరం. మూల నెగెటివ్‌లోని బూడిద ఛాయల శ్రేణి మూడో తరం నకలులో ఉండదు. అపు చిత్రాల పునరుద్ధరణను నేను మన కాలపు గొప్ప పాఠ పరిష్కరణగా భావిస్తాను. షాట్ల వారీగా ఆధారాలను చూపే పట్టిక ఒకటి ఇలాంటి ప్రతి ముద్రణకూ అనుబంధంగా ఉండాలని అడగడం అందుకే.

అలాంటి పట్టిక ఉండవలసిన చోటు పెట్టె. అందుకే పెట్టె గురించిన చర్చను పూర్తిగా తోసిపుచ్చరాదు. 1984లో లేజర్ డిస్కులతో ఆరంభమైన క్రైటీరియన్ సంస్థ తన ముద్రణలతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో బొమ్మ ఏ మూలం నుంచి తీసినది, ఎవరు పర్యవేక్షించారు అనే విషయాలకు చోటిచ్చింది. ఆ పుస్తకం స్థానంలో మడత కాగితం వచ్చినప్పుడు సేకర్తలు గొణిగారు. వారు కోల్పోయామన్నది అందమే కావచ్చు, పరిశోధకునికి అందులో పీఠిక కనిపిస్తుంది. పీఠిక పోతే ఏమవుతుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ 1887 ముద్రణలో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. ఆ పీఠికలోనే కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్నది. బెంగుళూరు నాగరత్నమ్మ ప్రతులు సంపాదించి 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్ర ముద్రణ తెచ్చేదాకా పాఠకునికి కావ్యం లోపించిందన్న సంగతే తెలియలేదు. డిస్కును పట్టి ఉంచలేని అట్ట అర, గీతలు పడేసే సందు వంటి ఫిర్యాదులు నిల్వకు సంబంధించినవి గనుక వాటికీ కొంత విలువ ఉంది. లోహపు పెట్టె మెరుపు గురించి మాత్రం మనం పట్టించుకోనవసరం లేదు.

మన డిస్కుల సంగతికి వస్తే, ఒకే డీవీడీలో రెండు మూడు చిత్రాలను కుక్కి, తెర మూలన సంస్థ చిహ్నాన్ని శాశ్వతంగా నిలిపి, వెనుక అట్ట మీద పాటల పట్టిక తప్ప మరేమీ ఇవ్వని ముద్రణలే ఎక్కువ. వీటిని ఆధారంగా చేసుకొని ఛాయాగ్రహణం గురించి నిర్ధారణలు చేయడం సాహసం. కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ (1957) 2010లో రంగులద్దుకొని, సినిమాస్కోప్ కొలతకు మారి, బహుళ ధ్వనిమార్గాలతో, తగ్గిన నిడివితో మళ్లీ విడుదలైంది. 1.37 నిష్పత్తి గల చట్రాన్ని 2.35 నిష్పత్తిలో నింపాలంటే సాగదీయాలి లేదా పైనా కిందా కోయాలి. కోసినట్లయితే ఎత్తులో 40 శాతానికి పైగా పోతుంది. మార్కస్ బార్ట్‌లీ నౌకావిహార గీతంలో సాధించిన వెన్నెల పూర్తిగా నలుపు తెలుపుల మధ్య ఛాయల లెక్క. దానికి నీలిరంగు పూసిన ప్రతిని చూసి బార్ట్‌లీ వెన్నెల గురించి రాస్తే, ఆ వాక్యం 2010 నాటి సాంకేతిక నిపుణుల గురించి అవుతుంది. రంగుల ప్రతి నిషిద్ధమని కాదు, పాత చిత్రాన్ని కొత్త తరం ఎలా స్వీకరించిందో పరిశీలించేవారికి అదే ప్రధాన ఆకరం. ఏది చూశామో చెప్పాలి, అంతే.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఉపయుక్త గ్రంథ సూచిలో చిత్రం పేరు పక్కన డిస్కు రకం, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం, చట్ర నిష్పత్తి, గడియారం పెట్టి కొలిచిన నిడివి ఇస్తే చాలు. నిడివిని అట్ట మీది అంకె నుంచి ఎత్తి రాయరాదు. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన చిత్రాన్ని పాల్ పద్ధతి డిస్కుకు 25 ఫ్రేముల వేగంతో ఎక్కిస్తే మూడు గంటల చిత్రం ఏడు నిమిషాలు తగ్గుతుంది. ఒక్క దృశ్యం కూడా తెగకుండానే తగ్గుతుంది. స్థాయిని విడిగా సరిచేయకపోతే ధ్వని కూడా అదే నిష్పత్తిలో పైకి జరుగుతుంది. ఘంటసాల పాట ఏ శ్రుతిలో పాడారో డిస్కు విని నిర్ణయించిన సంగీత పరిశోధకుడు, అది పాల్ ప్రతి అయితే, దాదాపు ముప్పాతిక స్వరస్థానం ఎక్కువగా లెక్కకట్టినట్టే.