రూఢికెక్కిన ప్రకటన: సిట్గో ఫలకం, ఆల్విన్ చౌరస్తా

వ్యాపార ప్రకటనను కొనుగోలుదారుణ్ణి ఒప్పించే వాక్కుగా మాత్రమే పరిశీలించడం అసమగ్రం. అమెరికాలోని బోస్టన్‌లో 1965లో వెలసిన 60 అడుగుల సిట్గో నియాన్ ఫలకం పెట్రోలు అమ్మకానికి పుట్టింది. ఇంధన పొదుపు కోసం 1979లో దాని దీపాలు ఆర్పారు. 1983లో తొలగించబోగా నగరవాసులు అడ్డుకున్నారు. అది మళ్లీ వెలిగింది. వారు కోరింది పెట్రోలును కాదు, తమ ఊరి ఆనవాలును. ఆలంకారికుల పరిభాషలో, ప్రయోజనం కోసం పుట్టిన లక్షణ ఇక్కడ రూఢిగా స్థిరపడింది.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు మీదుగా హైదరాబాద్ చేరే రహదారిలో ఈ పరిణామానికి ఫలకం కూడా అవసరం కాలేదు. సంస్థ పేరే చాలింది. 1942లో ఆరంభమైన హైదరాబాద్ ఆల్విన్ నేడు లేదు. దాని గడియారాలూ ఫ్రిజ్‌లూ అంగళ్లలో లేవు. అయినా మియాపూర్‌లో ప్రయాణికులు ‘ఆల్విన్’ దగ్గరే దిగుతారు. ముఖ్యార్థం బాధితమైనా పేరు నిలిచింది.

అయితే రూఢిలో వ్యుత్పత్తి మరుగున పడుతుంది. ‘కుశలుడు’ అన్నప్పుడు దర్భలు కోసేవాడు స్ఫురించనట్లే, ‘ఆల్విన్’ అన్నప్పుడు ఆ వస్తువులు తయారుచేసిన కార్మికుడు స్ఫురించడు. పారిశ్రామిక ప్రాంతపు స్థలనామ పరిశోధన ఆ కార్మికుడి నుంచే మొదలు కావాలి.