చిలపకో ముడి

వరంగల్ కొత్తవాడలో మా ఇంటికి నాలుగు గడపల అవతల ఒక గుంట మగ్గం ఉంది. దాని మీద జంపఖానాలు నేసే కాక పోయిన ఏడాది ఒక సాయంత్రం పంజా పక్కన పెట్టి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. చూస్తే ఇన్‌బాక్సు నిండా లాటరీలు, లోన్లు, బట్టతలకు నూనెలు.

"తమ్మీ, గీ మెయిలు మా అల్లునికే సక్కగ తెల్వది. గా లాటరీవోనికి ఎట్ల తెల్సింది?"

వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊపులో, నేరుగా ఆర్డర్లు వస్తాయని ఆయన కొడుకు తెరిచిపెట్టిన మెయిలు అది. ఎక్కడెక్కడ ఇచ్చారో లెక్కపెడదామని కూర్చున్నాం. విజిటింగ్ కార్డు మీద ఉంది. వెబ్‌సైటులో అడుగున ఉంది. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా చీటీ మీద రాశాడు. పండగ శుభాకాంక్షలు పంపే చుట్టం ఒకాయన వందమంది చిరునామాలు అందరికీ కనబడేలా పెట్టి పంపుతాడు, అందులోనూ ఉంది. పదకొండో చోటు దగ్గర లెక్క ఆపేశాం.

దొంగ ఇంట్లోకి రాలేదు. మనమే వీధి వీధికీ తిరిగి తాళం చెవి పంచిపెట్టాం.

వెబ్‌సైట్లను పగలూ రాత్రీ జల్లెడ పట్టే ప్రోగ్రాములుంటాయి. వాటికి జంపఖానాతో పనిలేదు, ‘ఎట్’ గుర్తు కనబడితే దాని అటూ ఇటూ ఉన్నది ఏరుకుపోతాయి. మనం ఎక్కడా రాయకపోయినా స్పామర్లు వదలరు. శ్రీను, లక్ష్మి, రవి అంటూ పేర్ల వెనక అంకెలు తగిలించి లక్షల చిరునామాలకు గుడ్డిగా పంపుతారు. తిరుగుటపాలో రానివన్నీ బతికున్నవని రాసుకుంటారు. ఈ అలవాటు కొత్తదేం కాదు. 1978 మేలో గ్యారీ థ్యూర్క్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి అమ్మకపు మెయిలు పంపి తిట్లు తిన్నాడు. ఆయన చిరునామాలు అచ్చు డైరెక్టరీలోంచి తీసుకున్నాడు పాపం. ఇప్పుడు ఆ కష్టం కూడా లేదు, గంపగుత్తగా కొనుక్కోవచ్చు.

మన దగ్గరే చూడండి. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నామన్నారు. ఆ తర్వాత పది రోజులైనా కాకముందే, ఏప్రిల్ 1న, 66.9 కోట్ల మంది వివరాలున్న మరొకరిని అరెస్టు చేశామని ప్రకటించారు. ఉద్యోగులు, విద్యార్థులు, కార్లున్నవాళ్లు అంటూ 104 రకాలుగా విడగొట్టి పెట్టాడట. ఇది చెబితే కాక చేయి ఆగిపోయింది. "మనం రంగుల లెక్కన నూలు చిలపలు పేర్చినట్టే గదా!"

ఆ మాటే దారి చూపించింది. రంగుకు పంపే చిలపకు కాక తనదైన ముడి వేస్తాడు, ఇంకొకరి నూలుతో కలవకుండా. మెయిలుకూ అలాంటి ముడి ఉంది. జీమెయిల్‌లో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి, ఏదో ఒక మాట తగిలిస్తే చాలు. ఉత్తరం మన పెట్టెలోకే వస్తుంది, ఎవరికిచ్చిన చిరునామాకు వచ్చిందో తెలిసిపోతుంది. కొన్ని ఫారాలు ప్లస్‌ను ఒప్పుకోవు. తెలివైన స్పామరు ముడి కత్తిరించీ పంపుతాడు. అందుకే చీటీలకూ డిస్కౌంట్లకూ వేరే మెయిలు ఒకటి తెరిచాం. వెబ్‌సైటులో చిరునామా తీసేసి ఫారం పెట్టించాం. మెయిళ్లలో బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా ఆపాం, ఎందుకంటే కంటికి ఆనని చుక్కంత బొమ్మ కూడా మనం మెయిలు తెరిచిన సంగతి పంపినవాడికి చేరవేస్తుంది. ముక్కూమొహం తెలియనివాడి మెయిలు అడుగున ‘ఇక పంపవద్దు’ అని నొక్కితే మనిషున్నాడని చెప్పినట్టే. స్పామ్ అని గుర్తుపెట్టి ఊరుకోవడమే మేలు.

ఒక్కటి మాత్రం నేను ముందు చెప్పలేదు, తప్పు నాదే. చెన్నై నుంచి ఆరు జంపఖానాలకు అడిగిన మెయిలు స్పామ్‌లో పన్నెండు రోజులు పడి ఉంది. చూసేసరికి వాళ్లు వేరేచోట కొనుక్కున్నారు. కాక నన్నేమీ అనలేదు, కానీ ఆ రోజు చాయ్ పోయలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరం ఆ చెత్తబుట్ట వెదుకుతున్నాం.

మొన్న ఎగ్జిబిషన్ నుంచి వచ్చిన ఇరవై రోజులకు పొద్దున్నే తలుపు కొట్టాడు. లోన్ ఇస్తామని ఎవడో మెయిలు పెట్టాడు, చిరునామాలో లక్కీ డ్రా ముడి ఉంది.

"దొరికిండు తమ్మీ!"

డ్రాలో ఏమొచ్చిందని అడిగాను. అది మాత్రం ఇంకా తీయలేదట.