డోరా చెప్పిన నిజం

ఫ్రాయిడ్ పేరు వినగానే మన విమర్శకులు రెండు శిబిరాలుగా చీలిపోతారు. కామం గురించి మాట్లాడటమే క్షీణిస్తున్న బూర్జువా సంస్కృతి లక్షణమని కొట్టివేసేవారు ఒక వైపు. మనిషి చేసే ప్రతి పనికీ అణచుకున్న కోరికే మూలమని నమ్మేవారు మరొక వైపు. ఈ రెండూ ఎంత పాక్షికమైన వాదాలో తెలియాలంటే, ఫ్రాయిడ్ స్వయంగా రాసి 1905లో ప్రకటించిన ‘డోరా’ రోగచరిత్రను శ్రద్ధగా చదవాలి.

డోరా మారుపేరు. అసలు పేరు ఇడా బావర్. బట్టల మిల్లు యజమాని కూతురు. తరవాత ఆస్ట్రియా సోషల్ డెమోక్రాట్ల నాయకుడైన ఒట్టో బావర్‌కు చెల్లెలు. 1900లో, పద్దెనిమిదో ఏట, తండ్రి ఆమెను వియన్నాలో ఫ్రాయిడ్ వద్దకు తీసుకువచ్చాడు. దగ్గు, గొంతు పోవటం, చచ్చిపోతానని రాసిన ఒక చీటీ - ఇవీ రోగలక్షణాలు.

కథ మాత్రం ఆమె వొంట్లో మొదలు కాలేదు. తండ్రికి ‘కె’ అనే స్నేహితుడి భార్యతో సంబంధం వుంది. ఆ ‘కె’ ఈ పిల్లను పద్నాలుగో ఏట వొంటరిగా చిక్కించుకుని ముద్దుపెట్టుకున్నాడు. రెండేళ్ల తరవాత ఒక సరస్సు వొడ్డున మళ్లీ ప్రేమ ప్రస్తావన తెచ్చి చెంపదెబ్బ తిన్నాడు. ఆమె ఇంట్లో చెప్పింది. అతను లేదన్నాడు. తండ్రి స్నేహితుడినే నమ్మాడు. భార్య విషయంలో ‘కె’ కళ్లు మూసుకున్నందుకు తనను అతనికి మూల్యంగా అప్పగించారని డోరాకు తోచింది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ చదివిన మనకు ఈ బేరం కొత్తదా? మన దగ్గర శుల్కం రూపాయల్లో లెక్కపెట్టారు. వియన్నాలో మర్యాదస్తుల మౌనంతో చెల్లించారు. అంతే తేడా.

ఫ్రాయిడ్ ఆమె చెప్పింది అబద్ధమనలేదు. పెద్దలందరూ కాదన్న మాటను ఆయన నమ్మాడు. పిల్లల శరీరం, నోరు చెప్పలేని మాట చెపుతుందని మనకు నేర్పాడు. ఇది చిన్న విషయం కాదు. అయితే నమ్మిన తరవాత ఏం చేశాడు? ఆ ముద్దుకు ఆరోగ్యవంతురాలైన పిల్ల పులకించాలి కాని అసహ్యించుకోరాదన్నాడు! అసహ్యాన్నే రోగమన్నాడు. ఆమె ‘కె’ను లోలోపల ప్రేమిస్తున్నదని ఒప్పించాలని చూశాడు. ఆడపిల్ల కోరిక మగవాడి వైపే పోవాలన్న నమ్మకం ఆయన కళ్లకు గంత కట్టింది. డోరా మనసులో ‘కె’ భార్య మీద వున్న బలమైన ప్రేమను సకాలంలో గుర్తించలేకపోయానని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఇంకొక మనిషి కూడా ఈ కథలో వుంది. సరస్సు వొడ్డున ‘కె’ పలికిన మాటలే అంతకుముందు తన ఇంట్లో పిల్లలకు చదువుచెప్పే పంతులమ్మతోనూ పలికి, ఆమెను అనుభవించి వదిలేశాడు. ఈ సంగతి డోరాకు తెలుసు. జీతానికి కుదిరిన స్త్రీకీ, యజమాని కూతురికీ ఒకే మాట! డోరా కోపంలో ఈర్ష్యను చూసిన ఫ్రాయిడ్, ఆ ఇద్దరినీ కలిపే అధికార సంబంధాన్ని చూడలేదు.

1900 డిసెంబరు 31న డోరా చికిత్స మానేసింది. తరవాత తానే వెళ్లి ‘కె’ దంపతులను నిలదీసింది. భార్య తన సంబంధాన్ని కాదనలేకపోయింది. భర్త సరస్సు సంగతి ఒప్పుకున్నాడు. ఈ విషయం 1902లో వచ్చి ఫ్రాయిడ్‌కు చెప్పింది. దీన్ని ఆయన పగతీర్చుకోవటమన్నాడు. యౌవనంలో అడుగుపెట్టే మనిషికి నిజం నిజంగా నిలబడటం ఎంత అవసరమో ఎరిక్‌సన్ 1960లలో ఈ కథ ఆధారంగానే ఎత్తిచూపాడు.

కనుక ఫ్రాయిడ్‌ను పారవేయటం మన పని కాదు; ఆయన ఆగినచోటు నుంచి ముందుకు పోవటం మన పని. కోరిక కుటుంబానికీ, ఆస్తికీ, అధికారానికీ బయట పుట్టదు. అలాగని ఆర్థిక సమస్య తీరితే అన్నీ తీరుతాయని పిల్లల మనసుకు తలుపు మూయటమూ అభ్యుదయం కాదు. రేపు మన తరగతిలో ఒక పిల్ల గొంతు పెగలక నిలబడితే, “నీ మనసులో ఏ కోరిక దాగి వుంది?” అనే ప్రశ్న తరవాత. “నిన్ను ఎవరు నమ్మలేదు?” అనేది మొదటి ప్రశ్న.