పేరు అడగడంతో మొదలయ్యే వైద్యం

లారీ గుద్దిన మనిషిని స్ట్రెచర్ మీద క్యాజువాలిటీలోకి తోసుకొస్తారు. కాలు విరిగి వంకరపోయి ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ల చూపులన్నీ దాని మీదే. పని తెలిసిన డాక్టరు మాత్రం ముందు తల దగ్గరికి వెళ్లి, మెడ కదలకుండా ఒకరి చేత పట్టించి, “బాబూ, నీ పేరేంటి? ఏం జరిగింది?” అని అడుగుతారు. చీటీ రాయడానికి అడిగారేమో అనుకుంటారు బంధువులు. ఆ మనిషి తడబడకుండా, గొంతు బొంగురుపోకుండా జవాబు చెప్పాడంటే గాలి వెళ్లే దారి ప్రస్తుతానికి తెరుచుకునే ఉంది. మాట పలికేంత ఊపిరి ఆడుతోంది. మెదడుకు రక్తం అందుతోంది. అడిగింది అర్థమయ్యే స్పృహ ఉంది. పది సెకన్లలో, ఏ యంత్రమూ లేకుండా ఇన్ని సంగతులు చెప్పే పరీక్ష వైద్యంలో ఇంకొకటి ఉందని నేననుకోను.

ఆ ప్రశ్న వెనక ఒక వరుస ఉంది. ఏ, బీ, సీ, డీ, ఈ: శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, మెదడు పనితీరు, చివరగా బట్టలు తీసి ఒళ్లంతా చూడటం. చూడ్డానికి చిన్నపిల్లల పాఠంలా ఉన్నా, వైద్య కళాశాలలో నేర్చుకున్న క్రమాన్ని ఇది తిరగేస్తుంది. అక్కడ ముందు రోగి కథ వినాలి, పరీక్షించాలి, జబ్బు పేరు తేల్చాలి, ఆ తరవాతే మందు. ఇక్కడ పేరు తేలేదాకా ఆగితే మనిషి దక్కడు. ఏది అన్నిటికంటే ముందు చంపుతుందో దాన్ని ముందు ఆపాలి. అది ఎందుకొచ్చిందో తరవాత చూసుకోవచ్చు. ఒక్కో మెట్టు దగ్గర లోపం కనిపిస్తే అక్కడే సరిచేసి గాని పై మెట్టుకు వెళ్లకూడదు.

ఈ వరుస పాఠ్యక్రమంగా రూపుదిద్దుకోవడానికి కారణం ఒక కుటుంబానికి జరిగిన ఘోరం. 1976 ఫిబ్రవరిలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం అమెరికాలోని నెబ్రాస్కాలో పొలాల మధ్య కూలిపోయింది. ఆయన భార్య అక్కడే చనిపోయారు. నలుగురు పిల్లల్లో ముగ్గురికి ప్రాణాపాయమైన గాయాలు. దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి చేరాక, ఇలాంటి రోగులను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడాలో అక్కడెవరికీ ఎవరూ నేర్పలేదని ఆయనకు అర్థమైంది. తోటి డాక్టర్లు, నర్సులతో కలిసి 1978లో ఆబర్న్ అనే చిన్న ఊళ్లో మొదటి శిక్షణ నడిపారు. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని స్వీకరించింది. ఈరోజు ప్రపంచమంతా ఏటీఎల్ఎస్ అని పిలిచే శిక్షణ ఇదే. పెద్ద నగరపు పెద్ద ఆసుపత్రి కోసం దీన్ని తయారుచేయలేదు. అర్ధరాత్రి ఒంటరిగా డ్యూటీలో ఉన్న చిన్న ఊరి డాక్టరు కోసం చేశారు. మన హైవేల పక్క ఏరియా ఆసుపత్రికి అది అంత చక్కగా అమరడం అందుకే.

శ్వాసమార్గం దగ్గర చేతులు చేసే పని చూడండి. స్పృహ తప్పిన మనిషి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. గురక వినిపిస్తే నాలుక, గరగరమంటే రక్తమో వాంతో అని చెవే చెబుతుంది. మామూలుగా అయితే తల వెనక్కి వంచి గడ్డం ఎత్తితే దారి తెరుచుకుంటుంది. ఇక్కడ మెడ వెన్నుపూస విరిగి ఉండవచ్చు, తల వంచితే ఆ మనిషి జన్మంతా మంచంలోనే ఉండిపోవచ్చు. అందుకని రెండు చేతుల వేళ్లనూ దవడ మూలల కింద ఆనించి దవడను మాత్రమే ముందుకు ఎత్తుతారు. దవడతో పాటు నాలుక లేస్తుంది, మెడ కదలదు. ఒక ప్రమాదాన్ని తప్పిస్తూ ఇంకొకదాన్ని తేకుండా చూసుకున్న ఈ చిన్న కదలికలో ఎంత ఆలోచన ఉందో! దయతోనే అయినా, రోడ్డు మీద పడినవాడి నోట్లో నీళ్లు పోయడం ఎందుకు వద్దంటారో కూడా ఇక్కడే తెలుస్తుంది. సగం స్పృహలో ఉన్నవాడికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తరవాత ఛాతీ. పక్కటెముక గుచ్చుకుని ఊపిరితిత్తికి చిల్లు పడితే, కొన్నిసార్లు ఆ చిల్లు సైకిల్ ట్యూబు వాల్వులా పనిచేస్తుంది: పీల్చిన గాలి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్యకు చేరుతుంది గాని తిరిగి రాదు. ఊపిరికీ ఊపిరికీ ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం ఆగిపోతుంది. ఛాతీ ఒక పక్క కదలకపోవడం, స్టెతస్కోపు పెడితే ఆ పక్క నిశ్శబ్దం, పడిపోతున్న బీపీ, ఈ ఆనవాళ్లు చాలు. ఎక్స్‌రే కోసం పంపితే ప్రాణం దారిలోనే పోవచ్చు. సూది గుచ్చి గాలి వదలాలి, వెంటనే ట్యూబు వేయాలి. సూది ఎక్కడ గుచ్చాలన్నదీ మారింది. కాలర్ ఎముక కింద, రెండో పక్కటెముక సందులో గుచ్చమని ఏళ్ల తరబడి నేర్పారు. అక్కడ ఛాతీ గోడ మందంగా ఉండి చాలామందిలో సూది లోపలిదాకా అందడం లేదని తేలాక, ఏటీఎల్ఎస్ 2018 కూర్పులో పెద్దవాళ్లకు చంక వైపున్న నాలుగో లేదా అయిదో సందుకు మార్చారు. పిల్లలకు పాత చోటే ఉంచారు.

రక్తస్రావం దగ్గర డాక్టరు నేర్పు అసలు పరీక్షకు నిలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ బీపీ మెషిను మోసం చేస్తుంది. పెద్దవాడి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 30 శాతం, అంటే లీటరున్నర దాకా పోయినా, పడుచు మనిషి బీపీ పడుకున్నంతసేపూ మామూలుగానే కనిపించవచ్చు. రక్తనాళాలు ముడుచుకుని, గుండె వేగం పెంచుకుని శరీరం నెట్టుకొస్తుంది. ఆ దాపరికాన్ని చెయ్యి పట్టుకుని కనిపెట్టాలి: చల్లబడిన చర్మం, చెమట, సన్నగా పరుగెడుతున్న నాడి, అర్థంలేని కంగారు. “ఊరికే అరుస్తున్నాడు, తాగున్నాడేమో” అని ఎవరైనా అన్నప్పుడు మంచి డాక్టరు ముందు రక్తం సంగతే అనుమానిస్తారు.

ఆ రక్తం ఎక్కడికి పోతోంది? నేల మీద, ఇంకా నాలుగు చోట్ల అని నేర్పుతారు: ఛాతీలో, పొట్టలో, కటి ఎముకల వెనక, తొడల్లో. వెతకాల్సినవి ఇంతే కావడం కంగారులో ఉన్న మనిషికి ఎంత ధైర్యం! పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి రెండు మూడు నిమిషాల్లో చూసేస్తారు. కటి ఎముక విరిగిందని అనుమానం వస్తే బిగుతుగా పట్టీ కడతారు, అది లేకపోతే దుప్పటి చాలు. కట్టాల్సింది నడుముకు కాదు, తొడ ఎముక పైమొన పక్కకు పొడుచుకొచ్చే చోట. నాలుగు వేళ్లు పైకి జరిగినా ప్రయోజనం సన్నగిల్లుతుంది. విరిగిందో లేదో చూద్దామని పదే పదే కుదపకూడదు, కుదిపితే అప్పుడే గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది.

ఒకప్పుడు ఇలాంటి రోగికి వెంటనే 2 లీటర్ల సెలైన్ ఎక్కించేవారు. ఇప్పుడు 1 లీటరు దగ్గరే చెయ్యి ఆపి, రక్తం తెప్పించమంటారు. సెలైన్ ప్రాణవాయువును మోయదు. పైగా గడ్డకట్టే గుణాన్ని పలచన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది. చల్లబడిన ఒళ్లు, ఆమ్లత పెరిగిన రక్తం, గడ్డకట్టని గుణం, ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ మనిషిని లాక్కుపోతాయి. దీనికి తోడు ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవకైన మందుంది. జపాన్‌కు చెందిన ఉటాకో, షోసుకే ఒకామోటో దంపతులు 1960ల తొలి ఏళ్లలో కనిపెట్టారు. గాయపడ్డవాళ్లలో అది మరణాలను తగ్గిస్తుందని 40 దేశాల్లో, 20,000 మందికి పైగా రోగుల మీద జరిగిన క్రాష్-2 పరీక్ష 2010లో తేల్చింది. మన దేశపు ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. గాయమైన 3 గంటల్లోపే ఇవ్వాలి, ఆ తరవాత మేలు కంటే కీడే ఎక్కువ.

తరవాత మెదడు. స్పృహను కొలిచే గ్లాస్గో స్కేలు 1974లో టీస్‌డేల్, జెనెట్ తయారుచేసింది. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఒక్కసారి తీసిన అంకె చెప్పేది తక్కువ. 14 ఉన్నవాడు అరగంటలో 11కి దిగాడంటే పుర్రె లోపల ఏదో పెరుగుతోందని ఉలిక్కిపడాలి. ఇక బట్టలు కత్తిరించడం, నలుగురు కలిసి ఒక్క మాట మీద ఒకేసారి పక్కకు దొర్లించి వీపు చూడటం, వెంటనే దుప్పటి కప్పడం. కప్పడం మరిచిపోతే ముందు చేసినదంతా వృథా.

పది నిమిషాలకో, పరిస్థితి మారినప్పుడల్లానో మళ్లీ మొదటి అక్షరం నుంచి. జట్టు నాయకుడు మంచం కాళ్ల వైపు నిలబడి రోగిని ముట్టుకోకుండా అంతా గమనిస్తుంటారు. ముట్టుకుంటే చూపు ఆ ఒక్క గాయానికే అతుక్కుపోతుంది. అయితే ఈ ఏ, బీ, సీ వరుసకూ ఒక మినహాయింపు వచ్చింది. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతుంటే శ్వాసమార్గం చూసేలోపే ప్రాణం పోతుందని ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలు నేర్పాక, ఏ కంటే ముందు ఎక్స్ వచ్చి చేరింది: ముందు ఆ రక్తాన్ని ఆపు, టూర్నికే పట్టీ బిగించు.

మర్నాడు రోగి తేరుకున్నాక, తల నుంచి కాలివేళ్ల దాకా మళ్లీ కొత్తగా పరీక్షిస్తారు. మొదటి రోజు హడావుడిలో దొరకని గాయాలు అప్పుడు బయటపడతాయి, ముఖ్యంగా చేతివేళ్లవి, మణికట్టువి, పాదాలవి. కుట్టుమిషను మీద బతికేవాడికి బొటనవేలు వంకరగా అతుక్కుంటే ఉపాధి పోతుంది. అందుకే ఒక్కో వేలూ విడిగా పట్టుకుని, వంచి, చాచి, “ఇక్కడ నొప్పుందా?” అని అడిగి చూస్తారు.