పారే నీటికి తలుపు పెట్టడం

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు తలుపు వరదలో కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా ఉంది. మిగిలిన 32 గేట్లు ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు, నీరు పోవడానికి ఆ ఒక్క ఖానా చాలు. రాయలసీమ కాలువలు, కర్ణాటక ఆయకట్టు, మన రాజోలిబండ, అందరి వానాకాలం పంటా ఆ సందులోంచి పోయేలా కనిపించింది. వారం తిరిగేసరికి, ఆగస్టు 17 నాటికి, ఆ ఖాళీని ఐదు ఉక్కు పలకలతో మూసేశారు. జలాశయం ఖాళీ చేయకుండా, నీళ్ళు పారుతుండగానే మూశారు. ఆ పని ముందుండి నడిపించిన ఎన్. కన్నయ్య నాయుడు అప్పటికే ఎనభైకి దగ్గర పడిన మనిషి. పత్రికలు ఆయన తెగువను బాగానే రాశాయి. ఆ తెగువ ఏ లెక్క మీద, ఏ కొలత మీద నిలబడిందో మరికాస్త దగ్గరికి వెళ్ళి చూడాలని నా కోరిక.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్ళకు తుంగభద్ర దూరమే కావచ్చు, నీటి తలుపు మాత్రం పాత చుట్టమే. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలమ కట్టించిన చెరువు ఇప్పటికీ ఉంది. మన పాత చెరువుల తూముల్లో రెండు రాతి స్తంభాల మధ్య నిలువు కర్ర, కర్ర చివర బిరడా ఉండేవి. నీరటి దాన్ని ఎత్తితే పొలానికి నీళ్ళు, దించితే చెరువుకు కాపు. బిరడా పాడైతే ఇంకొకటి చెక్కుకోవచ్చు. అది కూర్చునే రాతి కన్నం చెదిరితేనే చిక్కు. ఈ చిన్న తూము దగ్గరి సంగతే పెద్ద గేట్ల దగ్గరా నిజం.

ముందు ఆ తలుపు కాసే బరువు చూద్దాం. నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. 20 అడుగుల నీరు నిలిస్తే 60 అడుగుల గేటు మీద పడే మొత్తం తోపు సుమారు 340 టన్నులు. దాన్ని నాలుగేసి అడుగుల ఐదు పలకలుగా విడగొడితే, అవి ఆ బరువును సమంగా పంచుకోవు. పైపలక మీద పడేది 14 టన్నుల లోపే. అట్టడుగు పలక మీద పడేది 120 టన్నుల పైమాట, అంటే తొమ్మిది రెట్లు. ముందుగా దిగాల్సింది ఆ అట్టడుగు పలకే. అన్నిటికన్నా ఎక్కువ తోపు కాయాల్సిన ముక్క, ప్రవాహం ఉధృతంగా ఉన్న వేళ, కంటికి కనపడని అడుగున, గడప మీద సమంగా కూర్చోవాలి. అది ఒక పక్కకు ఒరిగితే దాని మీదికి వచ్చే నాలుగూ ఒరుగుతాయి.

ఇలాంటి పలకలను స్టాప్‌లాగ్ అంటారు. గేటు మరమ్మతుకు వస్తే దాని ముందు దించే తాత్కాలిక తలుపు అది. మామూలుగా దాన్ని నిలిచిన నీళ్ళలో దించుతారు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేశాకే స్టాప్‌లాగ్‌లు పెట్టారు. అక్కడ వాటికి ఏర్పాటు ముందే ఉంది. 1953లో పూర్తయిన తుంగభద్రలో ఆ ఏర్పాటే లేదు. గేటు పోయిన గాడులే దిక్కు. పద్ధతిగా పోవాలంటే నీటిమట్టం 1633 అడుగుల నుంచి గేటు గడప ఉన్న 1613 అడుగులకు దిగాలి. అంటే 60 టీఎంసీల పైగా వదులుకోవాలి. పంట నాటేసిన రైతుకు ఆ మాట చెప్పడం ఎవరి తరం?

పారే నీళ్ళలో ఎందుకంత కష్టమంటే, పలక దిగుతున్నకొద్దీ నీరు దాన్ని గాడి అంచుకేసి నొక్కుతుంది. ఆ రాపిడికి పలక మధ్యలో ఆగిపోగలదు. పలక కింది సందులోంచి దూసుకుపోయే నీరు దాన్ని వణికిస్తుంది, ఒక్కోసారి కిందికి లాగుతుంది. కాబట్టి రాపిడిని గెలిచి తనంతట దిగేంత బరువు పలకకు ఉండాలి. క్రేను పట్టి నిలపగలిగేంత తేలికగానూ ఉండాలి. ఇరవై అడుగుల గేటును ఐదు ముక్కలుగా చేయాలన్న నిర్ణయంలోనే ఆ పనితనమంతా ఉందని నేననుకుంటాను. ముక్క చిన్నదైతే రెండు మూడు కార్ఖానాలు ఒకేసారి చేయగలవు. ట్రెయిలర్ మీద డ్యామ్ దాకా వస్తుంది. దిగిన ప్రతి ముక్కా అంతమేర నీటిని అప్పటికప్పుడే ఆపుతుంది. ఎక్కడైనా చెడితే మొత్తం చెడదు. అలాగని మరీ చిన్నవి చేస్తే ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులు పెరుగుతాయి, అతుకు పెరిగిన చోటల్లా కారుతుంది. నాలుగడుగుల దగ్గర ఆగడానికి అనుభవం కావాలి.

తొలి ప్రయత్నం కుదరలేదు. డ్యామ్ పైన దారికి అడ్డొచ్చినవాటిని తొలగించి, సరిచేసుకుని, మళ్ళీ దించారు. ఆగస్టు 16 రాత్రి మొదటి పలక కూర్చుంది. తర్వాతి నాలుగూ మర్నాడు చకచకా దిగాయి. నన్ను ఆకట్టుకున్నది ఈ వేగమే. మొదటిది సమంగా కూర్చుంది కాబట్టే మిగతావి అలా దిగగలిగాయి. అటుపైన వచ్చిన వరదతో జలాశయం మళ్ళీ దాదాపు నిండింది.

కన్నయ్య నాయుడిది చిత్తూరు జిల్లా. డ్యామ్ గేట్ల తయారీకే పుట్టిన హోస్పేట ప్రభుత్వ కర్మాగారం తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో ఆయన పనిచేశారు. ఆ సంస్థను మూసేయాలని 2015లో కేంద్రం నిర్ణయించింది. గోడలు, యంత్రాలు పోతే పోయాయి, చేతుల్లోని విద్య మాత్రం ఆ వారం రోజులు అక్కరకొచ్చింది. నెల తిరక్కుండానే, 2024 సెప్టెంబరు మొదట్లో, కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల బరువు దిమ్మెలను గుద్ది పగలగొట్టాయి. 70 గేట్ల ఆ బ్యారేజీలో గేటు ఒక వైపు, కాంక్రీటు దిమ్మె ఇంకో వైపు సమతూకంగా వేలాడతాయి. దిమ్మె విరిగితే గేటు ఎత్తడం, దించడం రెండూ కష్టమే. ఆయన ఆధ్వర్యంలోనే పగిలిన దిమ్మెలు తీసి కొత్తవి అమర్చారు. అక్కడా వరద పోతూనే ఉంది.

పెద్ద తలుపును మార్చేవాళ్ళు ఎక్కడైనా ముందు ద్వారబంధాన్ని చదువుతారు. వరంగల్ పక్కన నిజాం కాలపు మామునూరు విమానాశ్రయం 1981 నుంచి మూతబడి ఉంది. 2025 ఫిబ్రవరిలో దాని పునరుద్ధరణకు కేంద్రం అనుమతించింది. రేపు అక్కడ ఏటీఆర్-72 పట్టే హ్యాంగర్ కట్టారనుకుందాం. ఆ విమానం రెక్కల వెడల్పు 27 మీటర్ల పైన, తోక ఎత్తు 7.65 మీటర్లు. తలుపు 30 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు కావాలి. హైదరాబాద్‌కు భారతీయ ప్రమాణం తీసుకునే గాలివేగం సెకనుకు 44 మీటర్లు. ఆ లెక్కన చదరపు మీటరుకు 118 కిలోలు, తలుపు మొత్తానికి 32 టన్నుల దాకా తోపు. తుంగభద్ర గేటుతో పోలిస్తే ఇది పదో వంతే. కానీ గాలి ఇటూ తోస్తుంది, అటూ లాగుతుంది. పైకప్పు దూలం గాలికి, ఎండకు, తన బరువుకు కిందికీ పైకీ కదులుతుంది. అందుకే పెద్ద హ్యాంగర్లలో తలుపు బరువును సాధారణంగా నేలలోని పట్టాలు మోస్తాయి. పై పట్టా తలుపు ఒరగకుండా పట్టుకుంటుంది, నిలువునా కాస్త ఆట వదులుతుంది. అలాంటి తలుపు బిగుసుకుందని కబురొస్తే, తెలిసిన మేస్త్రీ చక్రాలు ఆర్డరు చేసే ముందు నేల పట్టా ఎక్కడ కుంగిందో, వాన నీరు ఎక్కడ నిలుస్తోందో, పొద్దునా మధ్యాహ్నమూ దూలం ఎంత దిగుతోందో కొలిపిస్తాడు.

ఈ కొలత విలువ మేడిగడ్డకు తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. భూపాలపల్లి జిల్లాలో గోదావరి మీద 85 రేడియల్ గేట్లతో కట్టిన ఆ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియరు, అంటే గేట్ల మధ్య నిలిచే స్తంభం, కుంగింది. రేడియల్ గేటు విల్లులా వంగిన పలక. రెండు ఉక్కు చేతులతో పియర్లకున్న ఇరుసుల మీద తిరుగుతుంది. రెండు ఇరుసులూ ఒకే గీత మీద ఉన్నంతసేపే అది తిరుగుతుంది. పియరు కొద్దిగా ఒరిగినా గీత తప్పుతుంది, గేటు బిగుసుకుంటుంది. మరుసటి వానాకాలానికి ముందు ఆ బ్లాకులో బిగుసుకున్న గేట్లలో కొన్నిటిని ఎత్తగలిగారు. ఎత్తలేనివాటిని కోసి తీయాల్సి వచ్చింది. ఆ గేట్లలో లోపం లేదు, వాటిని పట్టుకున్న చట్రం కదిలింది. అలాంటి చోట కోయడం కూడా నైపుణ్యమే. బిగుసుకున్న ఉక్కులో బలం దాగి ఉంటుంది. ఏ చేయి ముందు కోయాలో తెలియకపోతే ముక్క ఎటు విదిలిస్తుందో చెప్పలేం.

తుంగభద్రలో నిపుణుల సిఫారసు మేరకు మొత్తం 33 గేట్లనూ మార్చడానికి పూనుకున్నారు. 2025 వానాకాలంలో జలాశయాన్ని 80 టీఎంసీల దగ్గరే ఆపారు. పాత గేట్ల మీద భారం తగ్గించడానికి అంత నీటిని వదులుకోవడం రైతుకు చేదే, కానీ నా మటుకు అది సరైన నిర్ణయం. మేడిగడ్డలో కొత్త గేట్ల మాట వచ్చిన రోజున పాత డ్రాయింగును నమ్మి ఆర్డరు ఇవ్వకూడదు. ప్రతి ఖానానూ పైన, నడుమ, అడుగున కొలవాలి. వరదకు ముందోసారి, తగ్గాక ఇంకోసారి కొలిచి పోల్చాలి. ఆ కొలతలు తీసేటప్పుడు వరంగల్ ఇంజినీరింగ్ విద్యార్థులను వెంట తీసుకుపోవాలి. టేపు పట్టుకునే ఆ పిల్లల పక్కన కన్నయ్య నాయుడి లాంటి వాళ్ళను నిలబెట్టాలి, వాళ్ళకు ఓపిక ఉండగానే.