లారీ వెలుగులో తీసిన సీను

మా పి.గన్నవరం కుర్రాళ్లు నలుగురు తీస్తున్న క్రైమ్ షార్ట్ ఫిల్మ్‌కి నేను మాటలు రాశాను. దొంగసొత్తున్న సంచి చేతులు మారే సీను ఒక్కటే రెండు పేజీలొచ్చింది. లొకేషన్ వైనతేయ నది మీది డొక్కా సీతమ్మ అక్విడక్ట్. వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టిన తల్లి పేరున్న చోట దొంగల సీనా అని నాకు మొదట మనసొప్పలేదు. రాత్రిపూట అక్కడి చీకటీ, కింద నదీ చూశాక మరో చోటు తోచలేదు.

ఉన్నది ఒక్క చిన్న ఎల్‌ఈడీ లైటు. పదకొండింటికి దాని ఛార్జింగ్ అయిపోయింది. ఇక వెలుగంటే వచ్చేపోయే లారీలదే. కానీ లారీ వెలుగుతోపాటు దాని మోతా వస్తుంది, మాట వినపడదు. అది దాటాక మాట వినపడుతుంది, మొహం కనపడదు. తర్వాత డబ్బింగ్ చెబుదామన్నా, వెలుగుండేది నాలుగు సెకన్లు. అందులో పట్టే డైలాగు ఏముంటుంది? ఒక్కో వాక్యం కొట్టేస్తూ వచ్చాను. చివరికి సంచి, రెండు చేతులు, ఒక చూపు మిగిలాయి.

ఇంటికొచ్చి ‘ఐతే’ మళ్లీ చూశాను. 2003 నాటి సినిమా. నిర్మాత గుణ్ణం గంగరాజు. దర్శకుడు చంద్రశేఖర్ యేలేటికీ, తర్వాత ‘మగధీర’, ‘బాహుబలి’ తీసిన కెమెరామన్ సెంథిల్ కుమార్‌కీ అదే మొదటి సినిమా. పేరున్న హీరో లేడు. డాన్ వేషానికి హిందీ నుంచి పవన్ మల్హోత్రా వచ్చాడు. రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ని 5 రోజుల్లో తీశాడు, ఆ వేగం నాకూ అబ్బురమే. మనసుకి దగ్గరైంది మాత్రం ‘ఐతే’నే. విమానం హైజాక్‌కి ఒప్పుకున్న నలుగురు కుర్రాళ్లకి దాని వెనకున్న అసలు పథకం తెలియదు. ఎవరికెంత తెలుసు, మనకెంత తెలుసు అన్న కొలతలోనే బిగువంతా ఉంది. నా రెండు పేజీల్లో సంచిలో ఏముందో, ఎక్కడిదో అన్నీ చెప్పేశాను. లారీలు రాకపోతే అవి అలాగే ఉండిపోయేవి.

ఆ రాత్రి షూటింగ్‌లో ఆఖరి టేక్ తెల్లవారుజామున. కొబ్బరికాయల లారీ ఒకటి దాటి వెళ్లి, బ్రేకు వేసింది. వెనక లైట్ల ఎరుపు కుర్రాడి మొహం మీద పడింది. కెమెరా ఆపొద్దని సైగ చేశాను. డ్రైవరు దిగొచ్చి అడిగాడు:

“ఏమైందండీ? బండి ఆగిపోయిందా?”