మూడుకూ నాలుగుకూ మధ్య అతుకు

ఒక విశ్వవిద్యాలయంలో అయిదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి మరో విశ్వవిద్యాలయానికి మారితే ఆ అయిదేళ్లూ ఏమవుతాయి? అమెరికాలో ఈ ప్రశ్నకు 1940లో ఒకే ఒక్క వాక్యంలో జవాబు రాశారు. అకడమిక్ స్వేచ్ఛ, టెన్యూర్‌ల మీద వెలువడిన సూత్రాల ప్రకటనలో ఉంది ఆ వాక్యం. దాన్ని తయారుచేసిన సంఘాలు రెండు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ అధ్యాపకులది, అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ కాలేజెస్ కళాశాలలది. ఉద్యోగం చేసేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఒకే కాగితం మీదికి రావడమే గొప్ప. వచ్చి ఇంత పకడ్బందీగా రాయడం ఇంకా గొప్ప.

మన విశ్వవిద్యాలయాల్లో యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొబేషన్ ఏడాది, పొడిగిస్తే మరో ఏడాది. అమెరికాలో అది ఏళ్ల తరబడి సాగుతుంది. గడువు చివర టెన్యూర్, అంటే శాశ్వత నియామకం, దక్కితే తగిన కారణం చూపి విచారణ జరపకుండా ఆ మనిషిని తీసేయడం కుదరదు. సంస్థ ఆర్థికంగా కుప్పకూలే స్థితి వస్తే మాత్రం వేరే సంగతి. దక్కకపోతే ఊరు మారాల్సిందే. 1915లో జాన్ డ్యూయీ మొదటి అధ్యక్షుడిగా ఆచార్యుల సంఘం పుట్టినప్పుడు కింది స్థాయి అధ్యాపకులకు అది చెప్పిన గడువు పదేళ్లు. ఈ ప్రకటన 1938 నాటి ముసాయిదాలో ఆరేళ్లయింది. బేరం చివరికి ఏడు దగ్గర తెగింది.

ఇక ఆ వాక్యం చెప్పేదిది. పూర్తికాలపు ఇన్‌స్ట్రక్టర్‌గా గానీ అంతకంటే పై హోదాలో గానీ చేరిన నాటి నుంచి ప్రొబేషన్ ఏడేళ్లు మించకూడదు. ఏ ఉన్నత విద్యాసంస్థలో పూర్తికాలం పనిచేసినా ఆ ఏళ్లన్నీ ఇందులోకే వస్తాయి. అయితే ఇతర చోట్ల మూడేళ్లకు పైగా ప్రొబేషన్‌లో పనిచేసి వచ్చిన వారి విషయంలో, కొత్తచోట నాలుగేళ్లకు మించని ప్రొబేషన్ పెట్టుకునేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవచ్చు. మొత్తం ఏడు దాటినా సరే.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ మూడు, నాలుగు అంకెలు ఎవరో తోచినట్టు వేసినవనిపించాయి. కాగితం మీద లెక్క వేశాక తెలిసింది పనితనం. ఒకరు రెండేళ్ల సర్వీసుతో వస్తే కొత్త సంస్థకు మిగిలేది అయిదేళ్లు. మూడేళ్లతో వస్తే మిగిలేది నాలుగు. సరిగ్గా అక్కడ, మూడు దాటగానే, మినహాయింపు అందుకుంటుంది. అదిచ్చే గరిష్ఠ గడువు కూడా నాలుగే. అంటే లెక్క ఎక్కడా ఒక్కసారిగా విరగదు. రెండు చెక్కలు కలిసినచోట వేలితో తడిమినా అతుకు తగలదు.

ఈ మినహాయింపే లేకపోతే? అయిదేళ్లు ఎక్కడో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఒకామె వచ్చిందనుకుందాం. కొత్త విశ్వవిద్యాలయానికి మిగిలేది రెండేళ్లు. ప్రొబేషన్ ముగియడానికి కనీసం ఏడాది ముందే, కొనసాగించేది లేకపోతే ఆ మాట చెప్పాలని తర్వాతి వాక్యం అంటుంది. అంటే ప్రయోగశాల సర్దుకునేలోపే ఆమె మీద తీర్పు రాయాలి. ఏ విభాగాధిపతీ ఆ సాహసం చెయ్యడు, అసలు ఆమెను పిలవనే పిలవడు. ఆమెకు రక్షణగా పెట్టిన నియమమే ఆమెకు తలుపు మూసేది. నాలుగేళ్లిస్తే చూడ్డానికి మూడేళ్లు, చెప్పి పంపడానికి ఒక ఏడాది. మరోవైపు పాత సర్వీసును లెక్కలోంచి పూర్తిగా తీసేసినా ప్రమాదమే. ఒకచోట ఆరేళ్లు, ఇంకోచోట ఆరేళ్లు, జీవితమంతా ప్రొబేషన్‌లోనే గడిచే మనిషి తయారవుతాడు. ఈ రెండు నష్టాల మధ్య ఆ ఇరుకు దారిని కనిపెట్టినవాళ్ల చూపు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మాటల ఎంపిక కూడా చూడండి. ‘మించకూడదు’ అన్నారు, కాబట్టి తక్కువైతే అడ్డు లేదు. మినహాయింపు దగ్గర ‘చేసుకోవచ్చు’ అన్నారు, కాబట్టి అది దానంతటది అమల్లోకి రాదు, ఇద్దరూ ఒప్పుకోవాలి. ‘రాతపూర్వకంగా’ అన్న మాట నా ఉద్దేశంలో మొత్తానికి ప్రాణం. రాత లేనంత మాత్రాన టెన్యూర్ హక్కుకు భంగం కలిగినట్టు కాదని ఈ ప్రకటనకు 1970లో చేర్చిన వివరణల్లో చెబుతూనే, నియామకం నాడే రాసుకోవడం ఇరువురికీ మేలని గట్టిగా సూచించారు. పేరేదైనా పూర్తికాలపు బోధన భారం మోస్తే చాలు, లెక్కలోకి వస్తారని కూడా ఆ వివరణలే తేల్చాయి. హోదాకు కొత్త పేరు తగిలించి ఏళ్లు ఎగ్గొట్టే దారి అలా మూసుకుపోయింది.

లోపం లేదనను. చిన్న కాలేజీలో పాఠాలే పనిగా గడిపిన అయిదేళ్లూ, పరిశోధన విశ్వవిద్యాలయంలో గడిపిన అయిదేళ్లూ ఈ వాక్యానికి ఒకటే. ఎన్నడో పదిహేనేళ్ల కిందటి సర్వీసునూ అది వదలదు. పాత ఏళ్లు కలవడం కొందరికి వరమైతే, పరిశోధన పత్రాలు ఇంకా చేతికి రానివాళ్లకు ఉరి. 1978లో ఆచార్యుల సంఘం పాత సర్వీసు లెక్కింపు మీదే విడిగా ఒక ప్రకటన చేసింది. అందరికీ మేలనిపించే ప్రత్యేక సందర్భాల్లో, నియామకం వేళే ఒప్పుకుంటే కొత్తచోట నాలుగేళ్లకు మించి, ఏడేళ్లు దాటకుండా ప్రొబేషన్ ఉండొచ్చంది. పాత వాక్యాన్ని చెరపకుండా పక్కన మరో చెక్క బిగించిన ఆ సంయమనం నాకు నచ్చింది.

ఇది చట్టం కాదు. విశ్వవిద్యాలయం తన హ్యాండ్‌బుక్‌లోనో నియామక పత్రంలోనో చేర్చుకున్నప్పుడే దీనికి బలం. అయినా రెండు వందలకు పైగా విద్వత్ సంఘాలు దీన్ని ఆమోదించాయి.

అమెరికాలో అధ్యాపక ఉద్యోగాలకు వెళ్తున్న మన తెలుగు పిల్లలకు ఒక్క మాట. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారేటప్పుడు జీతం, ప్రయోగశాల నిధుల గురించి ఎంత పట్టుగా అడుగుతారో, పాత సర్వీసులో ఎన్నేళ్లు కలుస్తాయో, టెన్యూర్ పరిశీలన ఏ ఏడాదిలో వస్తుందో అంత పట్టుగా అడగండి. సంతకం పెట్టే ముందే ఆ రెండు అంకెలూ నియామక పత్రంలో రాయించుకోండి.